సూపర్‌చార్జర్ చార్జి తీసుకున్న వైనం

ఏనుగుమెట్ట ఘాటు రోడ్డు మీద పశుక్షేమ శాఖ వారి సంచార వైద్య వ్యాన్ ఆగిపోవడం వంశగిరి జిల్లాలో వార్త కాదు. ఎక్కితే అది వార్త.

కొండ మీది జీలుగువలసలో బిడ్డిక తుమ్మన్న అనే రైతున్నాడు. వ్యాన్ వస్తుందని కబురందితే చాలు, రెండు జతల ఎద్దుల్ని తోలుకుని మలుపు దగ్గరికి దిగి, బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. వ్యాన్ మూలుగుతూ అక్కడిదాకా వచ్చి ఆగిపోయేది. డ్రైవర్ గౌరునాయుడు దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టేవాడు. డాక్టర్ బెవర హైమావతి మందుల పెట్టె పట్టుకుని దిగేది. వ్యాన్ ముందు కొక్కేనికి తాడు కట్టేవారు. ఎద్దులకు వైద్యం చెయ్యడానికి వచ్చిన వ్యాన్‌ని ఆ ఎద్దులే ఊళ్ళోకి లాక్కెళ్ళేవి.

ఒకసారి అందులో ఒక ఎద్దు కుంటుతోంది. హైమావతి వంగి చూస్తే గిట్ట పగిలి ఉంది.

"దీన్నెందుకు తోలుకొచ్చావు తుమ్మన్నా? ఇంటి దగ్గర కట్టెయ్యలేకపోయావా?"

"మరేటి సేస్తానమ్మా? కిందటిసారి నీ బండి లాగినప్పుడే ఇలగయిపోనాది. మందెయ్యమని అడుగుదామంటే నువ్వు పైకి రావాల గదా. నువ్వు పైకి రావాలంటే ఇదే లాగాల."

హైమావతి రోడ్డు మీదే కూర్చుని గిట్ట కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. ఆ రోజు వ్యాన్ పైకి వెళ్ళలేదు. ఆ సాయంత్రమే కొత్త వాహనం కావాలని ప్రాంతీయ డైరెక్టర్ గారికి రాసింది. ఘాటు ఎక్కే వాహనం, రంగు ఏదైనా ఫర్వాలేదు అని కూడా రాసింది.

డైరెక్టర్ డాక్టర్ ఆకెళ్ళ విశ్వపతి గారు అప్పుడే ఒక చల్లని ఊళ్ళో జరిగిన పాలనా సంస్కరణల సదస్సు నుంచి తిరిగొచ్చారు. అక్కడ ఎవరో తెర మీద సూపర్‌చార్జర్ బొమ్మ చూపించి, పాత ఇంజనుని విప్పకుండా, మార్చకుండా, పక్కన ఈ చిన్న యంత్రం బిగించి లోపలికి గాలి ఎక్కువగా తోస్తే బలం పెరుగుతుందని చెప్పారట. ఆయన దాన్ని యంత్రంగా వినలేదు. సిద్ధాంతంగా విన్నారు. రాగానే జిల్లా సిబ్బందినంతా సమావేశపరిచారు.

"మిత్రులారా! ఇంజను యథాతథం. గేర్లు యథాతథం. బ్రేకులు యథాతథం. సిబ్బంది, భవనాలు, ఖాళీలు, సర్వం యథాతథం. కేవలం గాలి! అదనపు గాలి! మార్పు లేని వ్యవస్థ, మారిన ఫలితం. ఇదే ఇకపై మన శాఖ తాత్త్విక భూమిక."

ఖాళీలు యథాతథం అన్న చోట కూడా అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత భోజనాలున్నాయి.

అందువల్ల హైమావతి అడిగిన కొత్త వాహనం రాలేదు. 'నష్టభారం అల్పంగా ఉన్న వాహనంపై ప్రయోగాత్మకంగా' అని ఉత్తర్వుతో పాటు ఒక అట్టపెట్టె వచ్చింది. పగిలినా పెద్దగా పోయేదేమీ లేని బండి అని దాని అర్థం.

పెట్టె విప్పడానికి మెకానిక్ కరీముల్లా వచ్చాడు. ఆఫీసు సూపరింటెండెంటు పొన్నాడ త్యాగరాజు గారు అతన్ని చేత్తో ఆపారు. త్యాగరాజు గారు చెడ్డవారు కారు. లంచం ఎరగరు, అబద్ధం ఎరగరు. నిబంధన తప్ప మరేమీ ఎరగరు. ఆయన కళ్ళజోడు సవరించుకుని పెట్టె మీది అక్షరాలు చదివారు.

"ఎంట్రీ లెవెల్ అని రాసుంది."

"ఔనండి," అన్నాడు కరీముల్లా. "చిన్న రకం. పెద్దది పెడితే పాత ఇంజను తట్టుకోదు. దీనికైతే మరేటీ మార్చక్కర్నేదు."

"నేనడిగేది అది కాదు. ఎంట్రీ లెవెల్ అంటే ప్రవేశ స్థాయి. అంటే కొత్త నియామకం. దీనికి ప్రొబేషన్ వర్తిస్తుంది."

హైమావతి ఓపిగ్గా చెప్పింది. "ఇది యంత్రమండీ, త్యాగరాజు గారూ."

"కావచ్చు మేడమ్. కొన్నిచోట్ల పోలీసు కుక్కలకి ర్యాంకులిచ్చి, రిటైరైతే దండలు కూడా వేస్తారట. ప్రవేశ స్థాయి అని నిబంధనలో ఉంది. మనిషి అని ఎక్కడుందో చూపించండి."

ఆమె చూపించలేకపోయింది. నిజంగానే ఎక్కడా లేదు.

"పైగా పేరులోనే చార్జి ఉంది," అన్నారాయన గొంతు తగ్గించి. "సూపర్ అంటే ఏమిటో నాకు తెలుసు, సూపరింటెండెంటుని కాబట్టి. చార్జి అంటే మీకూ తెలుసు. ఇది చార్జి తీసుకోవాలి. తీసుకోకుండా పని చేస్తే ఆ పని చెల్లదు. రేపు కొండెక్కినా ఎక్కనట్టే."

మర్నాడు పూర్వాహ్నం సూపర్‌చార్జర్ చార్జి తీసుకుంది. దాని తరఫున గౌరునాయుడు సంతకం పెట్టాడు. తరవాత కరీముల్లా దాన్ని ఇంజను పైన బిగించబోతే త్యాగరాజు గారు మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎక్కడ పెడుతున్నావు?"

"పైనండి. ఇంజను నెత్తిన."

"ఎంత సర్వీసున్న ఇంజనయ్యా అది! నిన్న వచ్చినదాన్ని దాని నెత్తిన కూర్చోబెడతావా? సీనియారిటీ అన్నది ఉండక్కర్లేదా?"

కరీముల్లాకి ఆఫీసులతో అలవాటే. "పక్కన వేస్తానండి, ఒక మెట్టు కిందకి. బెల్టు అందితే నాకు చాలు."

"అలా అన్నావు, బాగుంది," అని త్యాగరాజు గారు వెళ్ళి టీ తాగారు.

మొదటి ప్రయాణం రోజున తుమ్మన్న మామూలుగానే మలుపు దగ్గర బీడీ ముట్టించాడు. కింద నుంచి ఈల వేస్తున్నట్టు సన్నటి చప్పుడు వినిపించింది. చూస్తుండగానే వ్యాన్ వచ్చింది, మలుపు తిరిగింది, ఆగకుండా అతన్ని దాటి పైకి పోయింది. గౌరునాయుడు కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు.

"ఓలమ్మా! ఎల్లిపోనాదిరో!" అని తుమ్మన్న లేచి నిలబడ్డాడు. అతని ఎద్దులు కూడా అటే చూశాయి.

వ్యాన్‌లో హైమావతి, కొండ మలుపులు ఒకటొకటిగా కిందికి జారిపోతుంటే, చేతిలో మందుల పెట్టెని గట్టిగా పట్టుకుని చిన్నపిల్లలా నవ్వుకుంటూ కూర్చుంది. ఈ ఉద్యోగంలో చేరాక ఊళ్ళోకి నడిచిగాని, ఎద్దుల వెనక గాని కాకుండా వ్యాన్‌లో కూర్చుని వెళ్ళడం ఆమెకు అదే మొదలు.

ఆ నెల రోడ్డెప్పుడూ చూడని మందలు కూడా సూది చూశాయి. ఫలితం పెరిగిందని డైరెక్టర్ గారికి తెలిసింది. వెంటనే సమావేశం పెట్టారు. ఇంజను బలం ఎంత పెరిగిందో అదే నిష్పత్తిలో హైమావతికి లక్ష్యం పెంచారు. ఆ నిష్పత్తిలో పశువులు లేవని ఆమె చెబితే, లక్ష్యం యథాతథంగా ఉంచి పశువుల సంఖ్య పెంచే అవకాశాలు పరిశీలించమన్నారు. ఆమె సరేనని బయటికి వచ్చి వ్యాన్ ఎక్కింది. కొండెక్కుతున్నంతకాలం ఆమెకు ఏమన్నా పట్టేది కాదు.

అయితే ఒక మధ్యాహ్నం డైరెక్టర్ గారు కొండ మీది అతిథి గృహంలో విశ్రాంతికి బయలుదేరారు. ఆయన తెల్ల కారుకీ సంచార వ్యాన్‌కీ ఇంజను ఒకటే రకం. కారు ఏనుగుమెట్ట మీద బరువుగా పాకుతోంది. వెనక నుంచి ఈల వినిపించింది. సంచార వైద్య వ్యాన్ హారన్ కొట్టి, ఆయన్ని దాటి, ముందుకు పోయింది. దాని వెనక కిటికీలో, కాలు విరిగితే కట్టు కట్టించుకుని ఇంటికెళుతున్న ఒక మేక ఉంది. అది ఆకు నములుతూ, కనపడినంత మేరా డైరెక్టర్ గారి మొహంలోకే చూస్తూ వెళ్ళిపోయింది.

విశ్రాంతి కుదరలేదు. మర్నాడు హైమావతికి మెమో అందింది.

'తమ అధీనంలోని వాహనము, తమ నియంత్రణాధికారి వాహనమును బహిరంగ రహదారిపై అధిగమించుటయే గాక, అందలి పశువు సదరు అధికారి పట్ల ప్రదర్శించిన చూపు శాఖాపరమైన క్రమశిక్షణకు భంగకరమైనందున, తమపై ఏల చర్య తీసుకొనరాదో తెలియజేయవలెను.'

మేక శాఖ ఉద్యోగి కాదనీ, జీలుగువలస వాస్తవ్యురాలనీ ఆమె జవాబిచ్చింది. అది డైరెక్టర్ గారిని శాంతింపజెయ్యలేదు. హోదానుక్రమ వేగ నియమావళి వెలువడింది. కింది ఉద్యోగి పై ఉద్యోగిని దాటి వెళ్ళరాదు. వాహనాల కోసం రాసినదే గాని, 'వాహనము' అన్న మాట టైపింగులో ఒక చోట జారిపోయింది. త్యాగరాజు గారు దాన్ని రాసినది రాసినట్టే అమలు చేశారు.

దాంతో ఆఫీసు వరండాలో నడక మారింది. త్యాగరాజు గారికి మోకాళ్ళ నొప్పి. మధ్యాహ్నం భోజనానికి ఆయన బయలుదేరితే, వెనక సీనియర్ అసిస్టెంట్లు, వారి వెనక జూనియర్లు, వారి వెనక టైపిస్టు, అందరూ హోదా వరసలో, ఆయన మోకాళ్ళ వేగంతో, నిశ్శబ్దంగా కదిలేవారు. దూరం నుంచి చూసినవాళ్ళు ఎవరో పోయారనుకుని దణ్ణం పెట్టేవారు. టీ తెచ్చే అప్పలస్వామి అందరికన్నా చివర రావలసి రావడంతో టీ చల్లారిపోయేది. తిరిగొచ్చేటప్పుడు వరస తారుమారు కాకూడదని, చివరివాళ్ళతో మొదలుపెట్టి అందరూ వెనకడుగులతోనే రావడం నేర్చుకున్నారు. ఫైళ్ళు మాత్రం ఎప్పటి వేగంతోనే నడిచాయి, వాటికి ఇబ్బంది లేదు.

చివరికి డైరెక్టర్ గారే సమస్యకి మూలం కనుక్కున్నారు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా సూపర్‌చార్జర్‌ని సంచార వ్యాన్ నుంచి బదిలీ చేసి తమ కారుకు వేయించుకున్నారు. కరీముల్లా పొద్దున వచ్చి ఇక్కడ విప్పి, సాయంత్రానికి అక్కడ బిగించాడు. హైమావతి వరండాలో నిలబడి చూసింది. ఏడవలేదు గాని, ఆ రోజు టీ వద్దంది.

వానలు దగ్గరపడుతున్నాయనగా తుమ్మన్న ఫోన్ చేశాడు. జీలుగువలసలో సిగ్నల్ దొరకాలంటే చింతల దిబ్బ ఎక్కాలి. అతనికి ఆయాసంగా ఉంది.

"అమ్మా, మా అల్లుడు సంతలో ఆవుని కొనీసినాడు. దాని నోట్లో పుళ్ళమ్మా. నురగ కారస్తన్నాది. గిట్టల సందున కూడా..."

హైమావతి కుర్చీలోంచి లేచింది. గాలికుంటు. "దాన్ని ఊరికి దూరంగా కట్టెయ్యి. వేరేవాళ్ళు ముట్టుకోవద్దు. ఊళ్ళో పశువులు ఒక్కటి కూడా బయటికి పోకూడదు."

"మరి నీ బండి? ఎద్దుల్ని తోలుకొచ్చీమంటావా మలుపు కాడికి?"

"వద్దు!" అని ఆమె అరిచింది. "ఒక్క ఎద్దుని కూడా కదపకు. అవి రోడ్డెక్కితే జబ్బు కొండంతా పాకిపోతుంది."

ఫోన్ పెట్టేశాక ఆమె నుదురు పట్టుకుంది. అటు పక్క గూడేల్లో పశువులకి టీకా పడాలి, అదీ వెంటనే. దుక్కుల వేళ ఎద్దులు పడిపోతే ఆ ఏడు కొండ మీద గింజ ఉండదు. టీకాల ఐసు పెట్టె ఇద్దరు మోసే బరువు. శాఖ వాహనంలో తప్ప తీసుకెళ్ళకూడదు. శాఖ వాహనం ఎక్కదు. ఎక్కించే ఎద్దులు కదలకూడదు. ఎక్కించే యంత్రం డైరెక్టర్ గారి కారులో ఉంది, ఆ కారు నున్నటి పట్నం రోడ్ల మీద తిరుగుతోంది.

ఆమె డైరెక్టర్ గారికి ఫోన్ చేసింది. ఆయన సమావేశంలో ఉన్నారు. మళ్ళీ చేసింది. ఆ సమావేశం మీద సమీక్షా సమావేశంలో ఉన్నారు. అప్పుడామె లేచి తిన్నగా త్యాగరాజు గారి బల్ల ముందు నిలబడింది. బతిమాలితే లాభం లేదని ఆమెకు తెలుసు. ఆయన భాషలోనే మాట్లాడింది.

"త్యాగరాజు గారూ, సూపర్‌చార్జర్ ఎంట్రీ లెవెల్ కదా?"

"నిస్సందేహంగా."

"ప్రొబేషన్‌లో ఉంది కదా?"

"ఉంది మేడమ్."

"మన శాఖలో ప్రవేశ స్థాయివాళ్ళు ప్రొబేషన్ అయ్యేవరకూ ఏజెన్సీలోనే పని చెయ్యాలి. మరి దీన్ని మైదానానికి ఎలా బదిలీ చేశారు?"

త్యాగరాజు గారి చేతిలో కలం ఆగిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో తన చేతి మీదుగా చెల్లని బదిలీ ఒక్కటీ జరగలేదు.

"ఎంత ఘోరం!" అన్నారాయన, నిజమైన బాధతో. తక్షణం లేచారు. మోకాళ్ళు మరిచిపోయి ఆయన నడిచిన వేగానికి వెనక ఆఫీసంతా పరుగెత్తవలసి వచ్చింది.

సమావేశాలు ముగించుకుని అప్పుడే తిరిగొచ్చిన డైరెక్టర్ గారికి, గదిలోకి వెళ్ళి విషయం విన్నవించారు.

"సరేనయ్యా, విప్పించి పంపుదాం. పై నుంచి అనుమతి తెప్పించు," అన్నారు విశ్వపతి గారు.

"విప్పితే అది రెండో బదిలీ అవుతుందండి. ఒక తప్పు మీద ఇంకో తప్పు. అనుమతి వచ్చేలోగా సూపర్‌చార్జర్ ఉన్నపళంగా, ఉన్న స్థితిలోనే ఏజెన్సీలో విధులకు హాజరు కావాలి."

"ఉన్న స్థితిలోనా? అది నా కారులో ఉంది! నా కారుని పశువుల మందులు మొయ్యడానికి పంపుతావా?"

"కారుని కాదండి. పంపేది సూపర్‌చార్జర్‌ని. కారు దానికి తగులుకుని ఉంది, అంతే."

డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచారు. "సరే, తీసుకుపొండి. నేను ఆటోలో ఇంటికి పోతాను."

"అదీ కుదరదండి. అధికారికి కేటాయించిన కారు ఆ అధికారి లేకుండా కదలరాదని తమరే ఉత్తర్వు ఇచ్చారు. కింది అధికారుల ఇళ్ళవాళ్ళు కార్లలో కూరగాయలకి వెళుతున్నారని."

"అయితే నేను..."

"తమరు కారుకి తగులుకుని ఉన్నారండి," అన్నారు త్యాగరాజు గారు వినయంగా.

ఆ తెల్ల కారు డిక్కీ నిండా సిరంజిలు, వెనక సీటులో హైమావతి, ఆమె పక్కన డైరెక్టర్ గారు, ఆయన ఒళ్ళో ఐసు పెట్టె ఒక కొస. రెండో కొస హైమావతి ఒళ్ళో ఉంది. ముందు గౌరునాయుడు. ఈల వేసుకుంటూ కారు ఏనుగుమెట్ట ఎక్కింది. పెట్టెలోని చల్లదనం ప్యాంటులోంచి తొడలకి తగిలినప్పుడు విశ్వపతి గారు ఒకసారి "అబ్బా" అన్నారు.

జీలుగువలసకి ముందే, దాని చుట్టూ ఉన్న గూడేల్లో పని మొదలుపెట్టారు. హైమావతి చెప్పించి ఉంచడంతో తుమ్మన్న తన ఊరి పశువుల్ని వదిలి, ఒళ్ళూ చేతులూ కడుక్కుని, బట్టలు మార్చుకుని అక్కడికి వచ్చి సాయం పడుతున్నాడు. మందలు పెద్దవి. హైమావతికి రెండే చేతులు. గౌరునాయుడు సిరంజిలు నింపి ఇస్తున్నాడు. డైరెక్టర్ గారు కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నారు.

ఒక పెయ్య బెదిరి తాడు తెంపుకుంది. తుమ్మన్న దాన్ని అదిమి పట్టి, కారు దగ్గరికి ఈడ్చుకొచ్చి అద్దం మీద కొట్టాడు.

"బావూ! ఒట్టినే కూకున్నావు గదా. దీన్ని కాసేపు ఒట్టుకో. అటు ఎద్దు పారిపోతన్నాది."

జీవితంలో ఎవరూ ఆయనతో ఆ మాట అనలేదు. ఏం చెయ్యాలో తోచక దిగారు. తుమ్మన్న పెయ్య కొమ్ము ఆయన చేతికిచ్చి పోయాడు. అది గింజుకుంది. ఆయనకు తెలియకుండానే ఎడమ చెయ్యి దాని దవడ కిందికి వెళ్ళి, మెడని పక్కకి తిప్పి, మోకాలు దాని డొక్కకి ఆనించింది. పెయ్య బొమ్మలా నిలబడిపోయింది. హైమావతి చూసింది. నిండిన సిరంజి ఒకటి ఆయన కుడి చేతిలో పెట్టింది.

ఆయన సూది చూశారు. పెయ్య మెడ చూశారు. బొటనవేలితో చోటు తడిమి, సూది వేశారు. పెయ్యకు తెలియనే లేదు.

"ఇంకోటి," అన్నారు ఎవరి వంకా చూడకుండా.

పొద్దు వాలేసరికి ఆయన తెల్ల చొక్కా తెల్లగా లేదు. ఒక బూటు పేడలో ఎక్కడో ఉండిపోయింది. ఆఖరి గూడెంలో చెట్టు కింద కూర్చుని అంబలి తాగుతుంటే తుమ్మన్న ఆయన్ని తేరిపార చూశాడు.

"నువ్వూ డాకటరువేనేటి బావూ?"

విశ్వపతి గారు గిన్నె దించారు. "అవును. పశువుల డాక్టర్నే."

"మరి ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?"

"ఆఫీసులో."

"అయ్యో! అక్కడ పశువులకేటొచ్చినాది?" అని తుమ్మన్న దిగులుగా అడిగాడు.

హైమావతి మొహం పక్కకి తిప్పుకుంది. విశ్వపతి గారు మాత్రం నవ్వలేదు. "చెప్పడం కష్టం తుమ్మన్నా," అన్నారు.

జబ్బు జీలుగువలస దాటలేదు. సంతలో కొన్న ఆవు కోలుకుంది. ఊళ్ళో కొన్ని ఎద్దులు మంచాన పడ్డట్టు పడి లేచాయి, వాటి బదులు, టీకా పనిచెయ్యడం మొదలయ్యాక, పక్క గూడేల ఎద్దులు వచ్చి దున్నాయి. ఆ ఏడు కొండ మీద ఒక్క మడీ బీడు పడలేదు.

టీకాల పని ముగిశాక కూడా తెల్ల కారు వారం వారం ఏనుగుమెట్ట ఎక్కుతూనే ఉంది. ఒక కొస హైమావతి, ఒక కొస డైరెక్టర్ గారు, మధ్యలో ఐసు పెట్టె. ఆయనకి ఇప్పుడు రబ్బరు బూట్లున్నాయి.

ఇది చూసి త్యాగరాజు గారికి జాలి వేసింది. పై నుంచి అనుమతి వచ్చేసింది, ఇక సూపర్‌చార్జర్‌ని విప్పి వ్యాన్‌కి వేస్తే తమరికీ బాధ తప్పుతుంది, ఒక్క సంతకం చాలు అని ఫైలు పెట్టారు. ఫైలు తిరిగొచ్చింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తిరిగొచ్చింది. రెండుసార్లూ దాని మీద డైరెక్టర్ గారి సొంత దస్తూరీలో, ఆకుపచ్చ సిరాతో, ఒకే మాట ఉంది.

'పరిశీలనలో ఉన్నది.'